సమ ఉజ్జీల ఆటలో మార్పిడి

(నల్గొండలో జిల్లా చదరంగం టోర్నమెంట్ ఆటగాళ్ళకు, వాళ్ళ తల్లిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట నుంచి, అటు పాలమూరు, జడ్చర్ల, వనపర్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లలు ఇక్కడ ఉన్నరు. అందుకని ఉపోద్ఘాతం పెట్టకుండ సూటిగ విషయంలోకి వస్త.

మన టోర్నమెంట్లు దాదాపు అన్నీ స్విస్ పద్ధతిలో నడుస్తయి. మొదటి రౌండ్లో రేటింగ్ జాబితాలో పై సగం వాళ్ళకు కింది సగం వాళ్ళను వేస్తరు. అక్కడ తేడా ఎక్కువ ఉంటది, ఆటలు తొందరగ తేలిపోతయి. రెండో రౌండ్ నుంచి సమానమైన పాయింట్లు ఉన్నోళ్ళకే జత కడతరు. అంటే గెలిచినా కొద్దీ మీ అసొంటోళ్ళే మీకు తగులుతరు. ఆరు, ఏడు రౌండ్లకు వచ్చేసరికి బోర్డుకు అటు పక్క కూర్చున్న పిల్లకో పిలగానికో మీకు తెలిసిందంత తెలుసు, మీరు చూసినన్ని ట్రాప్‌లు వాళ్ళూ చూసిన్రు. మరి అటువంటి ఆట ఎక్కడ తేలుతది? నా లెక్కలో ఎక్కువసార్లు మార్పిడి దగ్గర తేలుతది. మన పావు ఇచ్చి వాళ్ళ పావు తీసుకోవడమే మార్పిడి. ఏ పావును ఏ పావుతో మార్చినం, ఎప్పుడు మార్చినం, మార్చినాక ఎవరి ఎత్తు మిగిలింది. ఇయ్యాళ దాని గురించే మాట్లాడుత.

ముందు ఈ సమానం అన్న మాటకు లెక్క చెప్పాలె. ఆటగాళ్ళ బలాన్ని అంకెల్లో చెప్పే ఎలో రేటింగ్ పద్ధతిలో ఇద్దరి రేటింగ్ ఒక్కటే అయితే చెరి సగం పాయింట్ వస్తదని అంచనా. వంద పాయింట్ల తేడా ఉంటే పైనున్నవాళ్ళకు 0.64, రెండువందల తేడా ఉంటే 0.76. ఒక ఆటకు రేటింగ్ ఎంత మారాలో చెప్పే అంకెను కే విలువ అంటరు. మీది 20 అనుకోండి. సమాన రేటింగ్ ఉన్నోళ్ళ మీద గెలిస్తే పది పాయింట్లు పెరుగుతయి, ఓడితే పది పోతయి, డ్రా అయితే ఏమీ మారదు. వంద పాయింట్లు తక్కువున్నోళ్ళతో డ్రా చేసుకుంటే 2.8 పోతయి. కొత్తగ రేటింగ్ వచ్చిన పిల్లలకు కే విలువ 40 కాబట్టి ఇవన్నీ రెండింతలు. తల్లిదండ్రులు ఈ లెక్క ఒకసారి ఇంట్ల కూర్చొని చేసి చూడండి. సమ ఉజ్జీతో డ్రా చేసుకొచ్చిన పిల్లను "ఎందుకు గెలువలేదు" అని గద్దించడం ఎంత తప్పో అర్థమయితది.

పై స్థాయిలో కూడ ఇంతే. 2018లో లండన్‌లో కార్ల్‌సన్, కరువానా ప్రపంచ టైటిల్ కోసం ఆడినప్పుడు ఒకరిది 2835, ఇంకొకరిది 2832. పన్నెండు ఆటలకు పన్నెండూ డ్రా. చివరికి తక్కువ టైమ్ ఆటలైన రాపిడ్‌లో కార్ల్‌సన్ 3-0తో గెలిచిండు. 2025 జులైలో బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ మన కోనేరు హంపికి, దివ్యా దేశ్‌ముఖ్‌కు మధ్య జరిగింది. రెండు క్లాసికల్, అంటే పొడుగు టైమ్ ఆటలు డ్రా, మొదటి రాపిడ్ కూడ డ్రా, రెండో రాపిడ్‌లో నల్లపావులతో దివ్య గెలిచింది. అంత దగ్గరి ఆటలు అవి. మన వరంగల్ పిలగాడు అర్జున్ ఎరిగైసి ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. 2024 డిసెంబర్ జాబితాలో ఆయన రేటింగ్ 2801. సమానంగ ఉన్న పొజిషన్‌లో కూడ ఆట వదలకుండ ఒత్తిడి పెట్టడం ఎట్లనో నేర్చుకోవాలంటే ఆయన ఆటలు తీసి చూడండి.

ఇప్పుడు బోర్డు మీదికి పోదాం. ఒక్క ఓపెనింగ్ తీసుకుంట, ఎందుకంటే మన జిల్లాల్లో చాలామంది ఆడేది ఇదే. గడి పేరులో అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు. తెల్ల బంటు డి4, నల్ల బంటు డి5. సి4, ఇ6. తెల్లగుర్రం సి3కి, నల్లగుర్రం ఎఫ్6కి. నాలుగో ఎత్తుకు తెల్ల సి4 బంటుతో డి5 మీద కొట్టింది, నల్ల ఇ6 బంటుతో తిరిగి కొట్టింది. ఇదే మొదటి మార్పిడి. ఒక్క బంటుకు ఒక్క బంటు పోయింది, లెక్క సమానమే. కాని ఆ మార్పిడితోటే ఆట మొత్తం ఎట్ల నడవాలో రాసిపెట్టినట్టయింది. నల్లకు డి5లో బంటు ఉన్నది, దానికి అండగ తర్వాత సి6 కూడ వస్తది. తెల్లకు సి వరుసలో తన బంటు లేదు, అంటే ఆ వరుస సగం తెరుచుకున్నది. నల్లకు ఇ వరుస సగం తెరుచుకున్నది.

నల్ల బంట్లు డి5, సి6 రెండూ తెల్లగళ్ళ మీద ఉన్నయి. సి8లో కూర్చున్న నల్ల బిషప్ (వాలుగ పోయే పావు) కూడ తెల్లగళ్ళదే. అంటే తన బంట్లే తనకు అడ్డం. నల్ల ఆడేవాళ్ళు ఆ బిషప్‌ను ఎఫ్5కు తెచ్చి తెల్ల బిషప్‌తో మార్చేసుకోవాలని చూస్తరు. తెల్ల ఆడేవాళ్ళు తమ బిషప్‌ను డి3లో, మంత్రిని సి2లో పెట్టి ఎఫ్5 గడిని కాపలా కాస్తరు. చూడ్డానికి మామూలు డెవలప్‌మెంట్ ఎత్తుల్లాగ ఉంటయి. అసలు కొట్లాట ఆ ఒక్క మార్పిడి కోసం. మీరు తెల్లతో ఆడుతూ, ఇది తెలియక మంత్రిని ఇంకెక్కడో పెట్టి, ఎఫ్5లో బిషప్‌లు మారనిచ్చినరనుకోండి. ఓడిపోరు. నల్లకున్న ఒక్క పెద్ద బాధను మీ చేత్తో తీసేసినట్టయితది, అంతే. ఎదుటివాళ్ళు మీకంటే 300 పాయింట్లు తక్కువైతే ఇంకోచోట తప్పు చేస్తరు, మీకు నడుస్తది. సమ ఉజ్జీ అయితే ఆ ఆటలో మీకు ఇంకో అవకాశం దొరకకపోవచ్చు.

తర్వాత తెల్లకున్న ప్లాన్ ఏంది? ఏనుగును బి1కి తెచ్చి, బి4, ఏ4, బి5 అని బంట్లను తోస్తరు. రెండు బంట్లతో మూడు బంట్ల మీదికి పోవడం ఇది. బి5 పడినాక నల్ల సి6 బంటుతో కొడితే డి5 ఒంటరిదైతది, బి7 కూడ బలహీనమయితది. కొట్టకుంటే తెల్లనే సి6 మీద కొడతది, నల్ల బి7 బంటుతో తీసుకుంటది, సి6 బంటు సి వరుసలో ఏనుగులకు గురి అయి కూర్చుంటది. బాగనే ఉన్నది. మరి ఏం చెడుతది? బి బంటు ముందుకు పోయినాక సి4 గడిని కాసే తెల్లబంటు ఇంక లేదు. నల్ల గుర్రం డి7, బి6 మీదుగ సి4కు వచ్చి దిగితే తెల్ల ప్లాన్ అక్కడ్నే ఆగిపోతది. అందుకే బి4 తోసేముందు ఆ గుర్రం సి4 చేరనీకి ఎన్ని ఎత్తులు పడతదో వేలు పెట్టి లెక్కపెట్టండి. మీ డి3 బిషప్ ఇంకా బోర్డు మీద ఉంటే ఆ గుర్రాన్ని కొట్టగలరు. కాని కొడితే నల్ల డి5 బంటు సి4కు వస్తది, సి6 బంటు గోస తగ్గుతది. ఒక మార్పిడికి ఇంకో మార్పిడి ఇట్ల ముడిపడి ఉంటది.

నల్ల కూడ చేతులు ముడుచుకొని కూర్చోదు. గుర్రాన్ని ఇ4కు తెస్తది, పావులను తెల్లరాజు దిక్కు మళ్ళిస్తది. ఇద్దరూ పందెంలో ఉన్నట్టే. ఇటువంటి చోట ఒక ఎత్తు వృథా అయితే లోటు కనిపిస్తది.

కాబట్టి ఏ పావు కొట్టేముందైనా నేను పిల్లలకు చూడుమనేది ఇది. కొట్టినాక ఏ పావుతో తిరిగి కొడతరు, ఆ పావు ముందు కంటె మంచి గడికి వస్తదా? బోర్డు మీద మిగిలే నా పావు మంచిదా, వాళ్ళది మంచిదా? అంతా అయినాక ఎత్తు ఎవరిది? మూడో ప్రశ్ననే అందరూ మర్చిపోతరు. కొన్ని పావులే మిగిలే ఎండ్‌గేమ్‌లో ప్రాణం తీసేది అదే, ఇప్పుడే చూపిస్త.

బోర్డు ఖాళీ చేసి ఇట్ల పెట్టుకోండి. తెల్లరాజు ఇ5, తెల్లబంటు ఇ4. నల్లరాజు ఇ7. అంతే, మూడే పావులు. ఇప్పుడు నల్ల ఎత్తు అయితే తెల్ల గెలుస్తది. నల్లరాజు పక్కకు జరగాల్సిందే. డి7కు పోతే తెల్లరాజు ఎఫ్6కు వస్తది. నల్లరాజు ఇ8కి, తెల్లరాజు ఇ6కి. నల్లరాజు డి8కి పోతే తెల్లరాజు ఎఫ్7కు. ఇంక బంటు నడుచుకుంటూ పోయి మంత్రి అయితది, ఆపేవాళ్ళు లేరు. బంటును ముందు తోసినరా, చెడిపోతది. రాజు ముందు, బంటు వెనుక.

అదే పొజిషన్, ఇప్పుడు తెల్ల ఎత్తు. తెల్లరాజు డి5కు పోతే నల్లరాజు డి7కు ఎదురొస్తది. ఇ5 తోస్తే నల్లరాజు ఇ7. ఇ6 తోస్తే ఇక్కడ ఆగి చూడండి, నల్లరాజు నిట్టనిలువుగ ఇ8కే పోవాలె. డి8కు పోతే తెల్లరాజు డి6, నల్లరాజు ఇ8, బంటు ఇ7, నల్లరాజు ఎఫ్7కు తప్పుకోవాలె, తెల్లరాజు డి7కు వస్తది, ఆట అయిపోయింది. ఇ8కే పోతే తెల్లరాజు డి6, నల్లరాజు డి8, బంటు ఇ7 చెక్, నల్లరాజు ఇ8. ఇప్పుడు తెల్లరాజు ఇ6కు వస్తే, చెక్ లేదు కాని నల్లకు వేసే ఎత్తూ లేదు, అదే స్టేల్‌మేట్, రాకుంటే బంటు పోతది. డ్రా.

పావులు అవే, గళ్ళు అవే, ఎత్తు ఎవరిదన్నదే తేడా. ఇప్పుడు దీనికి ముందు చెరో ఏనుగు ఉండెననుకోండి. అలసిపోయి ఉన్నం, గడియారంలో నాలుగు నిమిషాలున్నయి, "ఏనుగులు మార్చేస్తే తేలిగ్గ డ్రా" అని కొట్టేస్తం. మార్చినాక, బంటు లేని మనకే ఎత్తు మిగిలితే ఓడినట్టే. డ్రా చేసుకుందామని చేసిన మార్పిడే ఓడగొడతది.

ఇది పిల్లలకే జరుగుతదని అనుకోవద్దు. 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ టైటిల్ పోటీ. గుకేశ్, డింగ్ లిరెన్ 6.5-6.5 మీద ఉన్నరు, పద్నాలుగో ఆట, క్లాసికల్‌లో చివరిది. తెల్లతో ఆడుతున్న డింగ్‌కు ఏనుగు, బిషప్, రెండు బంట్లు. గుకేశ్‌కు ఏనుగు, బిషప్, మూడు బంట్లు. ఒక బంటు తక్కువైనా మంచిగ కాపాడుకుంటే డ్రా అయ్యే పొజిషన్. 55వ ఎత్తుకు డింగ్ తన ఏనుగును ఎఫ్2కు తెచ్చి మార్పిడికి పెట్టిండు. గుకేశ్ ఏనుగును కొట్టిండు, డింగ్ రాజుతో తిరిగి కొట్టిండు. అప్పుడు గుకేశ్ బిషప్‌ను డి5లో పెట్టిండు. డింగ్ బిషప్ ఏ8 మూలన ఇరుక్కొని ఉన్నది. దానికి ఆ ఒక్క వాలు వరుసే దారి, ఆ దారిలో నల్ల బిషప్ రాజు అండతోని నిలబడ్డది. బిషప్‌లు కూడ మారక తప్పలేదు. మిగిలినవి రాజులు, బంట్లు, అది గుకేశ్ గెలిచే ఎండ్‌గేమ్. 58 ఎత్తులకు డింగ్ ఒప్పుకున్నడు. ఏనుగుల మార్పిడి ఒక్కదాన్నే చూస్తే పెద్ద తప్పు కనిపించదు. దాని వెనుక బిషప్‌ల మార్పిడి తప్పనిసరిగ వస్తదని చూడకపోవడమే తప్పు. మార్పిడి లెక్క ఎప్పుడూ ఒక్కటితోని ఆపొద్దు. "ఇది మారినాక వాళ్ళు ఇంకోటి బలవంతంగ మార్పించగలరా" అని ఇంకో అడుగు చూడాలె.

మరి ఏనుగులు మార్చకుండ నిలబడటం ఎట్ల? బంటు తక్కువున్నోళ్ళకు ఒక్క పొజిషన్ కంఠతా రావాలె, ఫిలిడోర్ పద్ధతి. తెల్లరాజు డి5, బంటు ఇ5, ఏనుగు ఏ7. నల్లరాజు ఇ8, ఏనుగు బి6. నల్ల చేయాల్సింది ఏనుగును ఆరో అడ్డ వరుసలోనే అటూ ఇటూ జరుపుతూ ఉండటం. ఏనుగు అక్కడ ఉన్నంతసేపు తెల్లరాజు ఆరో వరుసకు ఎక్కలేదు. విసిగిపోయి తెల్ల బంటును ఇ6కు తోసిన మరుక్షణం నల్ల ఏనుగు బి1కి దిగాలె. తెల్లరాజు డి6కు వస్తే ఏ8లో చెక్‌మేట్ బెదిరింపు ఉంటది, కాబట్టి నల్ల వెంటనే డి1లో చెక్ ఇయ్యాలె. రాజు ఇ5కు పోతే ఇ1లో చెక్. ఎఫ్6కు పోతే ఎఫ్1లో చెక్. బంటు ఇ6కు పోయింది కాబట్టి రాజు దాక్కునే చోటు లేదు. వెనుక నుంచి చెక్‌లు ఇస్తూనే ఉండొచ్చు, డ్రా.

పిల్లలు ఇక్కడ చేసే తప్పు ఒక్కటే, తొందర. బంటు ఇంక ఇ5లో ఉండగనే ఏనుగును బి1కి దించుతరు. తెల్లరాజు డి6కు, అక్కడ చెక్ ఇస్తే ఇ6కు ఎక్కుతది. ఇ5 బంటే దానికి వెనుక నుంచి గొడుగు. అప్పటికీ డ్రా పూర్తిగ చేజారదు, నల్లరాజు వెంటనే ఎఫ్8కు తప్పుకొని, దగ్గరి అంచు దిక్కు ఉండి కాపాడుకోవచ్చు. కాని ప్రతి ఎత్తూ సరిగ్గ పడాలె. నిదానంగ ఆరో వరుసలో ఉంటే ఏ కష్టమూ లేకుండ అయ్యే డ్రాను కత్తి మీద సాము చేసుకున్నట్టు.

ఇప్పుడు గడియారం. చెడ్డ మార్పిళ్ళలో ఎక్కువ భాగం టైమ్ ట్రబుల్‌లోనే జరుగుతయి. పావులు తగ్గితే ఆలోచించేది తగ్గుతదని భ్రమ పడతం కాబట్టి. రేటింగ్ టోర్నమెంట్లలో మామూలుగ 90 నిమిషాలు, మొదటి ఎత్తు నుంచి ఎత్తుకు 30 సెకన్ల అదనం. 40 ఎత్తులకు మీకు మొత్తం 110 నిమిషాలు వస్తయి, సగటున ఎత్తుకు మూడు నిమిషాలు కూడ లేవు. నేను చెప్పే కొలత: 20వ ఎత్తుకు గడియారంలో 50 నిమిషాలు, 30వ ఎత్తుకు 25, 40వ ఎత్తుకు కనీసం 10 మిగలాలె. ఒక్క ఎత్తుకు పదిహేను నిమిషాలు పెట్టొచ్చు, అది బంట్ల ఆకారం మారే మార్పిడి దగ్గర పెట్టండి. తిరిగి కొట్టక తప్పని చోట ఆలోచిస్తూ కూర్చోవద్దు, కొట్టి గడియారం నొక్కి, వాళ్ళ టైమ్‌లో ఆలోచించుకోండి. ఒకరోజు రాపిడ్ టోర్నమెంట్లలో 15 నిమిషాలే ఉంటే ఈ కొలత పనికిరాదు. అక్కడ మంత్రులు మార్చాలా వద్దా అన్న ఒక్క దానికి మాత్రం ఒక నిమిషం దాచుకోండి.

పొడుగు ఆటలో ఓపిక ఎంత దూరం పోతదో చెప్త. 2021లో దుబాయి ప్రపంచ టైటిల్ పోటీలో కార్ల్‌సన్, నెపోమ్నియాషీ మొదటి ఐదు ఆటలు డ్రా. ఆరో ఆటలో కార్ల్‌సన్ తన మంత్రిని ఇచ్చి వాళ్ళ రెండు ఏనుగులు తీసుకున్నడు. లెక్కకు దాదాపు సమానమే. కాని పావులు వేరు వేరు కాబట్టి ఆట సచ్చిపోలేదు. 136 ఎత్తులు నడిచింది, ప్రపంచ టైటిల్ పోటీల చరిత్రలో అన్నింటికంటే పొడుగైన ఆట, గెలిచిండు. సమ ఉజ్జీ మీద గెలవాలనుకుంటే ఒకే రకం పావులను మార్చుకుంటూ పోవడం కంటె ఇట్ల అసమానమైన మార్పిడి వెతకడం మంచిది.

డ్రా నియమాలు తెలియక అర పాయింట్లు పోగొట్టుకునేటోళ్ళు ప్రతి టోర్నమెంట్‌లో కనిపిస్తరు కాబట్టి ఇది కూడ వినండి. డ్రా అడగాలంటే ముందు ఎత్తు వేయాలె, తర్వాత నోటితో అడగాలె, అప్పుడు గడియారం నొక్కాలె. స్కోర్‌షీట్ మీద బ్రాకెట్‌లో సమానం గుర్తు రాయాలె. అడిగినాక వెనక్కు తీసుకోవడం లేదు. ఎదుటివాళ్ళు ఎత్తు వేద్దామని పావు ముట్టుకుంటే వద్దన్నట్టే. ఒకే పొజిషన్ మూడోసారి వస్తే డ్రా కోరొచ్చు. అది వరుసగ మూడుసార్లు రావాల్సిన పని లేదు, కాని మూడుసార్లూ ఎత్తు ఒకరిదే అయి ఉండాలె. మీ ఎత్తుతో మూడోసారి వస్తదనుకుంటే ఆ ఎత్తు వేయొద్దు. స్కోర్‌షీట్ మీద రాసి, గడియారం ఆపి, ఆట తీర్పు చెప్పే ఆర్బిటర్‌ను పిలవాలె. వేద్దామని పావు ముట్టుకున్నరంటే ఆ హక్కు అప్పటికి పోయినట్టే. మీరు కోరింది తప్పని తేలితే ఎదుటివాళ్ళకు రెండు నిమిషాలు కలుపుతరు, మీరు రాసిన ఎత్తే వేయాలె. ఐదుసార్లు వస్తే ఎవరూ అడగకున్నా డ్రానే.

చేతి పొరపాట్లు కూడ మార్పిడి వేళనే ఎక్కువ. ఒక చేత్తో పావు తీసి, ఇంకో చేత్తో మన పావు పెట్టి గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు కింద లెక్క. క్లాసికల్‌లో మొదటిసారి ఎదుటివాళ్ళకు రెండు నిమిషాలు కలుస్తయి, రెండోసారి ఆట పోతది. రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపే క్యాస్లింగ్‌లో ముందు రాజునే ముట్టుకోవాలె. బంటు చివరి వరుస చేరినాక మంత్రి చేతికి అందకుంటే గడియారం ఆపి ఆర్బిటర్‌ను అడగండి. ఏనుగును తలకిందులు చేసి పెడితే అది ఏనుగే, మంత్రి కాదు.

రేపు ఆట అయిపోయినాక, ఓడినా గెలిచినా, స్కోర్‌షీట్ తీసుకొని మార్పిడి జరిగిన ఎత్తులన్నిటికీ పెన్సిల్‌తో చుట్టు గీయండి. ఆట నడుస్తుండగ గీయొద్దు, అది నియమాలకు విరుద్ధం. వీలైతే ఎదుటి ఆటగాణ్ణే పక్కన కూర్చోబెట్టుకొని, ఒక్కో చుట్టు దగ్గర "ఇక్కడ మార్చకుంటే ఏం ఆడేవాడివి" అని అడగండి. మీతో సమానమైనోళ్ళు కాబట్టి వాళ్ళు చూసింది మీకు పనికొస్తది. ఇంటికి పోయినాక అవే పొజిషన్లు బోర్డు మీద పెట్టి, మార్పిడి చేసి ఒకసారి, చేయకుండ ఒకసారి, పది ఎత్తులు ముందుకు ఆడి చూడండి. ఆ తర్వాతనే కంప్యూటర్‌ను అడగండి.

బోర్డు ఇక్కడే ఉంచుత. ఫిలిడోర్ పొజిషన్ పెట్టి ఉన్నది. ముందు నల్ల దిక్కు ఎవరు కూర్చుంటరో రండి.